మహారాజశ్రీ సిమ్యులేషన్ గారికి

మహారాజశ్రీ సిమ్యులేషన్ గారి సముఖమునకు,

నర్సంపేట నుంచి ఒక సీఎన్‌సీ కార్వింగ్ షాపువాడు నమస్కరించి రాయునది ఏమనగా,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాద. కానీ కుశలమంతా తమరి వైపే ఉంది. తమరి తెర మీద ఏ బిట్టూ విరగదు, ఏ చెక్కా పగలదు, ఎన్నడూ కరెంటు పోదు. లోటు మా వైపే వచ్చింది. చాటుగా చెప్పుకుందామంటే తమరికి అడ్రసు లేదు. సాఫ్ట్‌వేర్‌లో హెల్ప్ నొక్కితే తమరిని అటూ ఇటూ తిప్పి ఎంత బాగా చూడవచ్చో చెప్తుంది గానీ తమరి మీద ఫిర్యాదు తీసుకోదు. అందుకే నలుగురిలో పెడుతున్నాను.

చదివేవాళ్ళకు తమరిని పరిచయం చేయాలి. మా షాపులో టేకు తలుపుల మీద బొమ్మలు చెక్కే రౌటర్ మెషిన్ ఉంది. బొమ్మ ముందు కంప్యూటర్‌లో తయారవుతుంది. ఏ బిట్టు వాడాలి, ఎంత లోతుకు దిగాలి, ఎంత వేగంతో పోవాలి అన్నవి పెడితే సాఫ్ట్‌వేర్ టూల్‌పాత్ గీస్తుంది. అంటే బిట్టు కొన నడవాల్సిన దారి. ఆ దారి జీ-కోడ్‌గా మారి పెన్‌డ్రైవ్ ఎక్కి మెషిన్ కంట్రోలర్‌లోకి పోతుంది. పెన్‌డ్రైవ్ ఎక్కకముందే, మెషిన్ నడిస్తే ఎట్లా ఉంటుందో తెర మీద ఆడించి చూపడం తమరి ఉద్యోగం. బటన్ నొక్కగానే చెక్క పలక ప్రత్యక్షమవుతుంది. దాని మీద బిట్టు గిరగిరా పరుగెత్తుతుంది. నిమిషంలో గజలక్ష్మి, అటూ ఇటూ ఏనుగులు, చుట్టూ తీగలు, అన్నీ తేలి వస్తాయి. పైగా ఆ చెక్కకు పాలిష్ కూడా పెట్టే ఉంటుంది!

తంటా అక్కడే మొదలవుతుంది.

మా వైపు ఇల్లు కట్టడం అంటే ఏమిటో తమరికి తెలియదు. పత్తి, మక్క, మిర్చి మా పంటలు. మిర్చికి ధర పలికిన ఏడాది ఊళ్ళల్లో కొత్త ఇళ్ళు లేస్తాయి. 2025లో భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చిన వరంగల్ చపాట మిర్చి మా చుట్టుపక్కల చేలల్లోదే. దర్వాజ నిలబెట్టిన రోజు నుంచే, తలుపు మీద ఏం బొమ్మ ఉండాలన్న చర్చ ఆ ఇంట్లో మొదలవుతుంది. వెంకటేశ్వరస్వామా, గజలక్ష్మా, నెమళ్ళ జంటా? ఇంటాయన ఒకటంటాడు, ఇంటామె ఒకటంటుంది, హైదరాబాద్‌లో ఉండే అల్లుడు ఫోన్‌లో ఇంకో ఫొటో పంపిస్తాడు. ఒకాయనైతే అంచు చుట్టూ చపాట కాయల గుత్తులు కావాలన్నాడు. నాకు ఆ ఆలోచన భలే నచ్చింది గానీ వాళ్ళ ఇంటామె ఒప్పుకోలేదు.

ఇట్లాంటి బలగం మా షాపులో నిలబడి ఉండగా తమరిని ఆన్ చేస్తాను. దుగ్గొండి వైపు నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి తమరి ప్రదర్శన కళ్ళార్పకుండా చూసి, కండువా సర్దుకొని లేచాడు.

"అయిపోయింది గదా తమ్మీ. ఆటో మాట్లాడుకొని వస్త, ఎక్కిద్దం."

"ఇంకా మొదలు గూడ పెట్టలేదు కాకా. ఇది ఉత్త బొమ్మ."

"గింత మంచిగ చెక్కింది గదా, ఇప్పుడే నా కండ్ల ముందట!"

ఆయన తప్పేం లేదు. పెళ్ళిళ్ల పేరయ్య ఫొటో చూపించి అమ్మాయి గుణాలన్నీ చెప్పేసినట్టు తమరు చూపించారు, ఆయన నమ్మాడు. ఆ క్షణం నుంచి తలుపు తయారైపోయినట్టే లెక్క. ఇక అది ఇంటికి చేరనంత కాలం ఆలస్యం నాదీ, బద్ధకం నాదీ. చెక్కిన బొమ్మ తమరు చూపించిన దానికి ఒక వెంట్రుక తేడా వచ్చినా పనితనం తక్కువ కూడా నాదే.

తమరి మీద నా అసలు ఫిర్యాదు ఒక్కటే. తమరికి తెలిసింది చెక్కితే బొమ్మ ఎట్లా ఉంటుందన్నది. తమరు ఇస్తున్న నమ్మకం మాత్రం చెక్కేటప్పుడు ఏం జరుగుతుందన్న దాని మీద. మధ్యలో ఉన్న దూరమంతా మా షాపులో పొట్టు మీద నిలబడి మేము నడవాల్సి వస్తోంది.

ముందు చెక్క సంగతి. తమరి పలక ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకే తీరు. మాకు వచ్చే టేకు పలకలో నడుమ చేవ ఉంటుంది, అంచున తెల్లచెక్క ఉంటుంది. చేవ మీద బిట్టు గట్టిగా, శుభ్రంగా కోస్తుంది. తెల్లచెక్కలోకి రాగానే మెత్తబడి నూగు లేస్తుంది. కొమ్మ ముడి ఉన్నచోట మెషిన్ చప్పుడే మారిపోతుంది. పలక సరిగ్గా ఆరకపోతే నాలుగు రోజులకు బొమ్మ నడుమ నుంచి బీట కొడుతుంది. ఇవేవీ తమరి తెరకు అందవు. మా దగ్గర పనిచేసే వడ్లాయన బిట్టు పెట్టకముందే పలకను వెలుగుకు పట్టి, వేలితో ఒకసారి నిమిరి, "ఈ పక్కకెల్లి కొడితే పెచ్చు లేస్తది తమ్మీ, పలక తిప్పి పెట్టు" అంటాడు. ఆయన కంప్యూటర్ మౌస్ ముట్టినవాడు కాదు. ఆయన చెప్పిన దిక్కున పెడితే ఏనుగు తొండం నిలుస్తుంది, తమరు చూపిన దిక్కున పెడితే తొండం కొన ఊడి చెత్తబుట్టలో పడుతుంది.

పలక సమంగా ఉంటుందన్నది తమరి ఇంకో నమ్మకం. మా పలకలకు వంపు ఉంటుంది. రెండడుగుల పొడవులో రెండు మూడు మిల్లీమీటర్ల వంపు మామూలు. ఎత్తు లెక్కకు జీరో ఒక మూలన పట్టి వదిలేస్తే ఆ మూలన తామర రేకులు అందంగా వస్తాయి, ఈ మూలన బిట్టు చెక్కను గీరీ గీరనట్టు పోతుంది. అందుకే ముందు మొత్తం పలకను పైపైన ఒక పొర సాపు చేస్తాం. ఆ పనికి పట్టే టైమ్ తమరి లెక్కలో లేదు.

తర్వాత బిట్టు. సన్నపనికి మేము వాడేది కొన దగ్గర గుండ్రంగా ఉండే టేపర్ బిట్టు. పట్టుకునే భాగం 6 మిల్లీమీటర్లు, కొన వ్యాసార్ధం అర మిల్లీమీటరు. లక్ష్మీదేవి ముక్కుపుడక, ఏనుగు కన్ను దాంతోనే రావాలి. టేకులో సిలికా ఉంటుంది, అంటే మామూలు ఇసుకలో ఉండేదే. బిట్టు మొన త్వరగా మొద్దుబారడానికి కారణం అదే. మొద్దుబారిన బిట్టు కోయడం మాని చెక్కను రాపిడి పెడుతుంది. గీత వెంట నల్లటి కమురు పడుతుంది, షాపంతా కాలిన వాసన. తమరి బిట్టు మాత్రం జన్మంతా కొత్తదే.

ముందు లావు బిట్టుతో చెక్కను తోడేసే రఫింగ్ మరిచిపోయి నేరుగా ఆ సన్న బిట్టుతో 15 మిల్లీమీటర్ల లోతు కోయమని ఫైల్ చేసినా తమరు కాదనరు. వెన్నలో దిగినంత సుఖంగా దించి, బొమ్మ తేల్చి చూపిస్తారు. మెషిన్ మీద ఆ ఫైల్ నడిస్తే మొదటి మలుపులోనే కొన పుటుక్కుమంటుంది. చాలా చిన్న చప్పుడు, పక్కన ఫ్యాన్ తిరుగుతుంటే వినపడదు కూడా. విరిగాక జరిగేది ఇంకా విచిత్రం. మా మెషిన్ మోటార్లు చెప్పినన్ని అడుగులు వేసేవే తప్ప, కొన ఉందో ఊడిందో వాటికి తెలిసే దారి లేదు. బిట్టు విరిగినా మెషిన్ ఆగదు. మొండి కొనతో గాలిలో అదే లక్ష్మీదేవిని, అదే శ్రద్ధతో, చివరి రేకు దాకా చెక్కి, జాబ్ పూర్తయిందని కూత పెట్టి ఆగుతుంది. రాత్రి పెట్టి పడుకున్న జాబ్ అయితే తెల్లారాక చూసుకోవాల్సిందే.

క్లాంపుల గురించి రాయకపోతే ఈ లేఖకు అర్థం లేదు. పలక కదలకుండా నాలుగు వైపులా ఇనుప క్లాంపులు బిగిస్తాం. తమరి లోకంలో క్లాంపులు లేవు. పలక గాలిలో తేలుతుంది, ఎవరూ పట్టుకోకపోయినా కదలదు. అందువల్ల బిట్టు ఒక చోటు నుంచి ఇంకో చోటుకు ఎగిరేటప్పుడు ఎంత ఎత్తున ఎగరాలన్న దాని మీద తమరికి పట్టింపు లేదు. 5 మిల్లీమీటర్లు లేస్తే చాలని తమరి లెక్క. మా క్లాంపు బోల్టు 20 మిల్లీమీటర్లు పైకి ఉంటుంది. నిమిషానికి 18 వేలకు పైగా చుట్లు తిరిగే బిట్టు ఆ బోల్టును తాకితే ఏమవుతుందో రాయనక్కర్లేదు. మా షాపులో అందరూ కళ్ళద్దాలు పెట్టుకునేది అందుకే.

ఇప్పుడు టైమ్ దగ్గరికి వస్తాను. దీని మీద తీరిగ్గా మాట్లాడాలి, ఎందుకంటే గిరాకీలతో నాకు మాట పడేది ఎక్కువ దీని వల్లనే.

తలుపు పైభాగంలో 600 మిల్లీమీటర్ల పొడవు, 300 మిల్లీమీటర్ల వెడల్పు ఉన్న ఒక గజలక్ష్మి పలక అనుకోండి. సన్నపనిలో బిట్టు ఈ చివర నుంచి ఆ చివరకు పోయి, పావు మిల్లీమీటరు పక్కకు జరిగి, మళ్ళీ వెనక్కి వస్తుంది. పావు మిల్లీమీటరు చొప్పున 300 మిల్లీమీటర్ల వెడల్పు నిండాలంటే 1200 గీతలు. ఒక్కో గీత 600 మిల్లీమీటర్లు. మొత్తం 720 మీటర్లు. రెండడుగుల బొమ్మ మీద బిట్టు కొన ముక్కాలు కిలోమీటరు దాకా నడుస్తుందన్నమాట! వేగం నిమిషానికి 3 మీటర్లు పెడితే 240 నిమిషాలు, అంటే 4 గంటలు. తమరు చేసే లెక్క దాదాపు ఇంతే. దారి పొడవును వేగంతో భాగించడం.

కానీ బొమ్మ చదును నేల కాదు కదా. చెంప ఎక్కాలి, మెడ దిగాలి, హారం మీద పూస పూసకూ లేచి పడాలి. లేచినప్పుడల్లా, దిగినప్పుడల్లా మెషిన్ వేగం తగ్గించుకొని మళ్ళీ అందుకుంటుంది. బిట్టును మోసుకు తిరిగే అంత బరువున్న గ్యాంట్రీని క్షణంలో ఆపి క్షణంలో పరుగెత్తించడం ఏ మోటారుకూ కుదరదు. మనం 3 మీటర్లు అని రాసి ఇచ్చినా సన్న నగిషీ ఉన్నచోట సగటున నిమిషానికి 1.8 మీటర్లు అందితే గొప్ప. అప్పుడు అదే 720 మీటర్లకు 400 నిమిషాలు, ఆరున్నర గంటల పైమాట. ఇందులో రఫింగ్ కలపలేదు, బిట్టు మార్చడం కలపలేదు, సాపు చేయడం కలపలేదు, చేత్తో గరుకు కాగితం పట్టే పని అసలే కలపలేదు. కొన్ని సాఫ్ట్‌వేర్లలో ఈ తేడాను సర్దడానికి ఒక గుణకం వేసుకునే గడి పెట్టారు. మంచిదే. కానీ ఆ గుణకం ఎంత వేయాలో తెలియాలంటే ఆ మెషిన్ మీద ఎన్నో తలుపులు చెక్కి ఉండాలి. అన్ని చెక్కినవాడికి తమరి లెక్కతో పనేముంది?

దీనికి తోడు ముహూర్తం. మూఢాలు వచ్చేస్తున్నాయి, ఈ గురువారం దాటితే మళ్ళీ రెండు నెలల దాకా మంచి రోజు లేదని పంతులుగారు తేల్చి ఉంటారు. గృహప్రవేశం కార్డులు అచ్చయి ఉంటాయి. తెర మీద 4 గంటలని చూసిన ఆ ఇంటాయన పొద్దున ఫైల్ పెడితే మధ్యాహ్నం తీసుకుపోవచ్చని లెక్క వేసుకుంటాడు. సాయంత్రం ఆరింటికి వచ్చి చూస్తే అమ్మవారికి ఒక భుజమే ఉంటుంది.

త్వరగా కావాలా, గీతల మధ్య దూరం పెంచు అంటారు కొందరు. పెంచవచ్చు. పావు మిల్లీమీటరు బదులు అర మిల్లీమీటరు జరిగితే గీతలు సగమవుతాయి, టైమూ సగమవుతుంది. కానీ గుండ్రటి కొనతో కోసినప్పుడు ప్రతి రెండు గీతల మధ్యా సన్నటి గట్టు మిగులుతుంది. అర మిల్లీమీటరు వ్యాసార్ధం ఉన్న కొనతో పావు మిల్లీమీటరు జరిగితే ఆ గట్టు ఎత్తు 16 మైక్రాన్లు. అర మిల్లీమీటరు జరిగితే 67 మైక్రాన్లు. టైమ్ సగానికి తగ్గిందని సంతోషిస్తుంటే గట్టు నాలుగింతలు దాటి పెరిగింది. 16 మైక్రాన్లు పాలిష్ కింద కలిసిపోతాయి. 67 మైక్రాన్లు అమ్మవారి బుగ్గ మీద దుక్కి దున్నినట్టు కనిపిస్తాయి. తమరి తెర మీద ఈ రెండూ ఒకేలా నిగనిగలాడతాయి. తమరు పలకను చిన్న చిన్న గడులుగా కోసి గడికి ఒక ఎత్తు రాసుకుంటారు. ఆ గడి వెడల్పే అర మిల్లీమీటరు ఉంటే, పావు మిల్లీమీటరుకు ఒకటి చొప్పున లేచే గట్టు తమరికి ఎట్లా కనిపిస్తుంది? కనిపించనప్పుడు కనిపించలేదనాలి గదా. తమరు నున్నగా ఉందంటారు.

కరెంటు గురించి క్లుప్తంగా. ఎండాకాలం సాయంత్రాలు గాలిదుమారం లేస్తే లైన్ ట్రిప్ అవుతుంది. కంప్యూటర్‌కు యూపీఎస్ ఉంటుంది, బిట్టును తిప్పే స్పిండిల్‌కు ఉండదు. కంట్రోలర్ ఎక్కడ ఆగిందో గుర్తు పెట్టుకుంటుంది, కరెంటు వచ్చాక అక్కడి నుంచే అందుకుంటుంది. కానీ మళ్ళీ మొదలు స్థానమైన హోమ్‌కు పోయి వచ్చేటప్పుడు స్విచ్ దగ్గర 0.2 మిల్లీమీటర్ల తేడా వచ్చిందంటే, ఆగినచోట బొమ్మకు అడ్డంగా ఒక గీత పడుతుంది. వేలు పెడితే తగులుతుంది. ఆ గీత ఎప్పుడూ మొహం మీదే ఎందుకు పడుతుందో నాకు అంతుబట్టదు.

ఇంతకీ తమరు లేని రోజుల్లో ఏం చేసేవాళ్ళో తమరికి తెలుసా? ఈ నంబర్లతో మెషిన్ నడిపే విద్య హెలికాప్టర్ రెక్కల దగ్గర పుట్టింది. అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలో జాన్ పార్సన్స్ అనే ఆయన రెక్క వంపు సరిగ్గా రావడానికి బిందువుల లెక్కలు పంచ్ కార్డుల మెషిన్ మీద వేయించాడు. ఆ ఆలోచనే ఎంఐటీకి చేరి 1952లో నంబర్లు చదివి తనంతట తాను కోసే మిల్లింగ్ మెషిన్ లోకానికి కనిపించింది. దానికి ప్రోగ్రాములు చేత్తో రాయలేక, అక్కడే డగ్లస్ రాస్ బృందం ఏపీటీ అనే భాష తయారు చేసింది. 1959 ఫిబ్రవరిలో దాన్ని విలేఖరులకు చూపించినప్పుడు, ఆ భాషతో చెక్కిన అల్యూమినియం యాష్‌ట్రేలు బహుమతిగా పంచారు. చూడండి, వాళ్ళు తెర మీద బొమ్మ చూపి పంపలేదు. చేతిలో వస్తువు పెట్టి పంపారు.

చాలాకాలం పాటు ప్రోగ్రాం సరిగ్గా ఉందో లేదో తెలియాలంటే దాన్ని మెషిన్ మీద గాలిలో తిప్పి చూడటమో, మైనం మీద, థర్మాకోల్ మీద కోసి చూడటమో దారి. హైదరాబాద్ బాలానగర్ షెడ్లలో ఇప్పటికీ పాతకాపులు కొత్త ప్రోగ్రాంను మొదటిసారి నడిపేటప్పుడు సింగిల్ బ్లాక్ పెట్టి, ఒక చేయి వేగం తగ్గించే ఫీడ్ నాబ్ మీద, ఇంకో చేయి ఎర్ర బటన్ దగ్గర ఉంచి, ఒక్కో లైన్ నడిపిస్తారు. తెర మీద సిమ్యులేషన్ చూశామన్నా సరే, నడిపిస్తారు. 1968లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం, అంతర్జాతీయ కార్మిక సంస్థల సాయంతో బాలానగర్‌లో పెట్టిన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ నుంచి ఎన్ని తరాల పిల్లలు బయటికొచ్చినా ఆ అలవాటు పోలేదు. పోకూడదు కూడా. కొన్ని మెషిన్లలో X10 అని రాసి పక్కన చుక్క మరిచిపోతే కంట్రోలర్ దాన్ని 10 మిల్లీమీటర్లుగా కాక 10 మైక్రాన్లుగా చదువుతుంది. ఇట్లాంటి తప్పు తమరికి కనిపించదు, తమరు టూల్‌పాత్ చూసి సంబరపడతారు. మెషిన్ చదివేది టూల్‌పాత్‌ను కాదు, దాన్ని పోస్ట్ ప్రాసెసర్ మార్చి రాసిన కోడ్‌ను. మా దగ్గర పోస్ట్ ప్రాసెసర్ లిస్టులో మిల్లీమీటర్ల పక్కనే ఇంచుల లైన్ ఉంటుంది. తప్పు లైన్ ఎంచుకుంటే, ఇంచుల్లో రాసిన అంకెలను కంట్రోలర్ మిల్లీమీటర్లనుకొని, 600 మిల్లీమీటర్ల గజలక్ష్మిని 23.6 మిల్లీమీటర్లలో చెక్కేస్తుంది. తమరి తెర మీద మాత్రం అప్పుడూ ఆమె నిండుగా కొలువై ఉంటుంది.

తమరి కులంలో అందరూ ఇట్లా ఉండరని నాకు తెలుసు. వెరికట్ అని తమరి పెద్దన్న ఒకాయన ఉన్నాడు. 1988లో పెట్టిన సీజీటెక్ అనే అమెరికా కంపెనీ వాళ్ళది. ఆయన చదివేది మెషిన్‌కు పోబోయే అసలు కోడ్‌నే. మెషిన్ ఒళ్ళంతా, బిట్టు పట్టుకునే హోల్డర్, క్లాంపు, ఫిక్స్చర్ అన్నీ ఆయనకు కొలతలతో ఇస్తే, ఎక్కడ ఏది తగులుతుందో ఎర్రగా చూపిస్తాడు. విమాన, టర్బైన్ విడిభాగాలు చేసే చోట అట్లాంటివాళ్ళు లేనిదే పని సాగదు, ఎందుకంటే అక్కడ ఒక్క ముక్క పాడైతే పోయే డబ్బు మా షాపు మొత్తం కంటే ఎక్కువ కావచ్చు. అక్కడ కూడా ఆయనకు అన్నీ కొలిచి ఇచ్చే మనిషి ఒకడు కూర్చుని ఉంటాడు. చెప్పని క్లాంపు ఆయనకూ కనిపించదు.

మా వూళ్ళ చెక్కపనికి వచ్చిన తమరి శాఖ వేరు. ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌కు చెందిన డెల్‌క్యామ్ తయారు చేసిన ఆర్ట్‌క్యామ్ ఈ ఉబ్బెత్తు బొమ్మల (రిలీఫ్) పనికి పేరు మోసింది. ఆ కంపెనీని 2014లో ఆటోడెస్క్ కొన్నది, 2018లో ఆర్ట్‌క్యామ్ అమ్మకం ఆపేసింది. ఆ పునాది మీదే ఇప్పుడు కార్వెకో అని ఇంకో పేరుతో నడుస్తోంది. అమ్మకం ఆగినా, చెక్కపని షాపుల్లో పాత వెర్షన్ల క్రాక్ కాపీలు పెన్‌డ్రైవ్ నుంచి పెన్‌డ్రైవ్‌కు ఎక్కుతూనే ఉన్నాయి. గజలక్ష్మి ఫైళ్ళూ అంతే. ఎవరు గీశారో ఎవరికీ తెలియదు. అందుకే ఏ ఊరికి పోయినా తలుపు మీద అమ్మవారి మొహం ఒకటే. ఇది తమరి తప్పు కాదు, మా ధంధాలో ఉన్న రోగం. మాట వచ్చింది కాబట్టి రాశాను.

తమరి వల్ల మేలు లేదని కూడా అనను. బిట్టు పట్టనంత సన్న సందు ఉంటే తమరి తెర మీద మూసుకుపోయి కనిపిస్తుంది. బొమ్మ పొరపాటున తిరగబడి ఉబ్బు బదులు గుంట వస్తే ముందే తెలుస్తుంది. చెక్క దండగ కాకుండా తమరు కాపాడిన పలకలున్నాయి. ఆ రుణం ఒప్పుకుంటున్నాను.

కానీ రామప్ప విషయంలో తమరిని క్షమించలేను.

రామప్ప మాకు దూరమేం కాదు. రేచర్ల రుద్రుడు కట్టించి 1213లో శాసనం వేయించిన గుడి. 2021లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరాక దాని ఫొటో పట్టుకొని వచ్చే గిరాకీలు పెరిగారు. చూరు కింద స్తంభాల నుంచి ముందుకు వంగి నిలబడ్డ నల్లరాతి మదనికలు ఉంటాయి చూడండి, అవి కావాలంటారు. "అచ్చం గిట్లనే రావాలె తలుపు మీద." వాళ్ళ కోరిక న్యాయమైనదే, మా ఇలాకా శిల్పం మా తలుపుల మీద ఉండకపోతే ఇంకెక్కడ ఉంటుంది? కానీ మా మెషిన్‌కు మూడు దిక్కులే. పొడవు, వెడల్పు, పైనుంచి కిందికి. బిట్టు నిలువుగా దిగగలదు గానీ పక్కకు వంగి చేతి కింద దూరలేదు. తమరి దగ్గర కూడా ఒక్కో చుక్కకు ఒక్క ఎత్తే ఉంటుంది. అంటే చేయి ఉన్నచోట చేయి ఎత్తు, దాని వెనక ఏముందో రాసుకునే జాగా లేదు. మదనిక ఎత్తిన చేతికీ తలకూ నడుమ, నడుముకూ మోచేతికీ నడుమ ఉన్న ఖాళీని ఎదురుగా కనిపించినంత మేరకు గుంట చేయగలం. చేతిని వెనక చెక్క నుంచి విడదీయలేం. శిల్పి ఉలి రాతి వెనక్కి తిరిగి పోయింది, మా బిట్టు పోదు.

ఈ సంగతి తమరు గిరాకీకి చెప్పరు. బొమ్మను నేరుగా ఎదురు నుంచి, వెలుగు ఒక పక్క నుంచి పడేటట్టు చూపిస్తారు. నీడలు చక్కగా పడి చేయి విడిగా నిలబడినట్టే ఉంటుంది. కొంచెం పక్కకు తిప్పి చూపిస్తే చేతి అంచు నుంచి వెనక పలక దాకా ఒక గోడ దిగి ఉన్నది బయటపడుతుంది. నేనే తిప్పి చూపిస్తాను. "గదేంది, చెయ్యి గోడకు అతుకపెట్టినట్టున్నది?" అంటారు. అప్పుడు ఎత్తుల గురించి, దిక్కుల గురించి అరగంట పాఠం. చివరికి సగం మంది మళ్ళీ గజలక్ష్మికే వస్తారు. మిగతావాళ్ళను మా వడ్లాయన దగ్గర కూర్చోబెడతాను. మెషిన్ చెక్కి ఇచ్చాక చేతి కింద ఉలి పెట్టి ఆయన ఎంత మేరకు విడదీయగలడో ఆయనే చెప్తాడు. దానికి వేరే కూలి, వేరే రోజులు. తమరి లెక్కలో ఆయన ఎక్కడా లేడు.

కాబట్టి విన్నపం. అందం తగ్గించుకోమని నేను అడిగినా తమరు తగ్గించుకోరు. పని మొదలుపెట్టేముందు క్లాంపులు ఎక్కడ పెట్టావని ఒక్క మాట అడగండి. చెప్పకపోతే ఆ అంచులన్నీ బూడిద రంగులో చూపండి, ఇక్కడ నాకు తెలియదు అని. ఒక్క దెబ్బలో బిట్టు మోయలేనంత లోతు కోస్తుంటే ఆ చోటు ఎర్రబడనివ్వండి. తమరు చూసేది టూల్‌పాత్ కాకుండా పెన్‌డ్రైవ్‌లోకి పోయే అసలు కోడ్ అయితే ఇంకా మంచిది. తమరి పెద్దన్నకు చేతనైన ఆ పని చెక్కపని శాఖకు ఎందుకు రాకూడదు? టైమ్ చెప్పేటప్పుడు ఒక్క అంకె వద్దు, ఇంత నుంచి ఇంత దాకా అని రెండు చెప్పండి. గిరాకీ ఎదురుగా ఉన్నప్పుడు వాడటానికి మొద్దుబారిన బిట్టుతో, పాలిష్ లేని చెక్కతో, గట్లు కనిపించేటట్టు చూపే బటన్ ఒకటి పెట్టించండి. దానికి అదనంగా డబ్బు కట్టమన్నా కడతాను.

ఇట్లు,
తమరి వల్ల రోజూ మాట పడే
ఒక షాపువాడు,
నర్సంపేట, వరంగల్ జిల్లా

తా.క.: టైమ్ చూపేచోట 4 గంటల 3 నిమిషాల 37 సెకన్లు అని వేస్తున్నారు. రెండున్నర గంటల తేడా పడేచోట ఆ 37 సెకన్లు ఎందుకండీ?